తప్పంతా మామయ్యదే

మా మామయ్యకి ఒకే ఒక్క వ్యసనం ఉండేది. లోకంలో ఎక్కడ ఏ పొరపాటు జరిగినా అది తన వల్లేనని ఒప్పేసుకోవడం. కొందరికి పొడుం, కొందరికి పేకాట, ఈయనకి క్షమాపణ. బస్సులో ఎవరైనా ఆయన కాలు తొక్కితే, "అయ్యో, నా కాలు అక్కడ ఉండకూడదండీ, ఏమనుకోకండి" అనేవాడు. తొక్కినవాడు కూడా "పర్లేదులెండి" అని పెద్దమనసుతో క్షమించేసేవాడు.

ఆయనది రంగు చేపల కొట్టు. గోడ పొడుగునా అద్దాల తొట్లు, నీళ్ళలోకి గాలి ఊదే మోటార్ల గురగుర, ఒక అర నిండా సీసాల్లో ఫైటర్ చేపలు. రెండింటిని ఒకచోట వేస్తే కొట్టుకు చస్తాయి కనుక దేని కాపురం దానిదే. వాటికి సఖ్యత నేర్పలేకపోవడం కూడా తన తప్పేనని మామయ్య దిగులు. ఆఫీసు అయ్యాక నేను రోజూ ఆ కొట్లో కాసేపు కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఆ కొట్టు లేదు, మామయ్యా లేడు. ఏ దుకాణానికి వెళ్ళినా "మా తప్పు కాదండీ" అనేవాళ్ళే ఎదురవుతున్నారు. అప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అత్తయ్య ఆయనకి పూర్తిగా విరుద్ధం. ఆవిడ పుట్టి బుద్ధెరిగి తప్పు చెయ్యలేదు, చేసినా ఒప్పుకోలేదు. పాలు పొంగిపోతే తప్పు పాలది. దారి తప్పితే తప్పు వీధిది.

"వాన మొదలైందే," అనేవాడు మామయ్య.

"మీరేం చేశారు?"

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను."

"అనుకున్నా," అనేది అత్తయ్య.

ఇలాంటి మనిషి దగ్గరికే జనం జబ్బు చేపల్ని మోసుకొచ్చేవారు. ఒకసారి ఒకాయన సీసా పట్టుకుని పరుగున వచ్చాడు. "పొట్ట చూడండి, బంతిలా అయింది! పోతుందా?"

మామయ్య సీసాని నేలమీద పెట్టి, మోకాళ్ళమీద వంగి పైనుంచి చూశాడు. "కంగారు పడకండి. పొలుసులు ఒంటికి అంటుకునే ఉన్నాయి. మేత ఎక్కువై ఉబ్బరించింది. రెండ్రోజులు పస్తు పెట్టండి, చాలు."

"మరి పొలుసులు లేస్తే?"

"అప్పుడు జలోదరం. ఒంట్లో నీరు బయటికి పోలేక లోపలే నిండిపోతుంది. మొదట్లో పట్టుకుంటే ఏదో ప్రయత్నం చెయ్యొచ్చు. పొలుసులు లేచాక మాత్రం..." అని ఆగి, "క్షమించండి" అన్నాడు, ఆ జబ్బుని తనే కనిపెట్టినట్టు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం, నాకు సెలవు రోజు, ఒక నర్సమ్మ తన తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తల్లికి చూపు సరిగా ఆనదు. కూతురు డ్యూటీకి వెళ్తే ఆవిడకి పొద్దంతా తోడు మా కొట్లోనే కొన్న ఒక ఎర్ర ఫైటరే. దాంతోనే కబుర్లు. ఆ సీసాని తువ్వాలు చుట్టి ఒళ్ళో బిడ్డలా పట్టుకుని వచ్చింది.

"అడుగునే పడి ఉంటోంది నాయనా. మేత ముట్టడం లేదు."

మామయ్య పైనుంచి చూశాడు. నేనూ చూశాను. పెనుగాలికి ఇంటి పెంకులు లేచినట్టు ఒంటినిండా పొలుసులు లేచి నిలబడ్డాయి. కళ్ళు ఉబ్బి బయటికొచ్చాయి. మామయ్య మొహం వాడిపోయింది.

"ఇక్కడ వదిలి వెళ్ళండమ్మా, నేను చూసుకుంటా. కానీ ఆశ మాత్రం ఎక్కువ పెట్టుకోకండి."

వెళ్ళేముందు నర్సమ్మ ఆయన్ని పక్కకి పిలిచింది. "అది అద్దం దగ్గరికొస్తే అమ్మ ఆకలేస్తోందనుకుని వచ్చినప్పుడల్లా మేత వేసేదండీ. మిగిలిందంతా కుళ్ళి నీళ్ళు పాడయ్యాయి. నేనూ డ్యూటీల్లో పడి చూసుకోలేదు. అమ్మకి మాత్రం చెప్పకండి, తట్టుకోలేదు."

మామయ్య చెయ్యగలిగిందంతా చేశాడు. ఫైటర్ పైకొచ్చి గాలి పీల్చుకోవాలి కదా, అందుకని లోతు తక్కువ తొట్టిలో వేశాడు. గోరువెచ్చని మంచినీళ్ళు పోశాడు. నేను వంటింటి ఉప్పు అందిస్తే, "అది కాదురా, దాంతో ఇంకా ఉబ్బుతుంది. ఎప్సం సాల్ట్ ఇలా తే, అది నీరు లాగుతుంది" అన్నాడు. మందు వేశాడు, రోజూ నీళ్ళు మార్చాడు. అయినా చేప దక్కలేదు. అది వెళ్ళిపోయినందుకు దానికి కూడా క్షమాపణ చెప్పుకున్నాడు.

తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. సంగతి విని పెద్దావిడ ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నిజం చెప్పు నాయనా. నా చెయ్యే దాన్ని చంపిందా?"

"ఎంతమాట! తప్పంతా నాదమ్మా. అమ్మినప్పుడే దానికి..."

"నువ్వు ఊరుకో. కిందటిసారి మీ గడప తగిలి నేను తూలితే, గడప అక్కడుండటం నీ తప్పన్నావు. ఎండ కాస్తే నీ తప్పంటావు. నీ మాట ఎవరు నమ్ముతారు?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు తెలిసిపోయిందిలే. ఇక దేన్నీ పెంచను. నా చేతికి ప్రాణమున్నదేదీ ఇవ్వకూడదు" అంది.

బతుకంతా అడ్డమైనవాటికీ క్షమాపణలు పంచిపెట్టిన మనిషికి, నిజంగా ఒకటి కావాల్సొచ్చినప్పుడు చెల్లేది ఒక్కటీ మిగల్లేదు. ఆయన్ని అంత దీనంగా నేనెప్పుడూ చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పుడు కొట్టు వెనకగదిలో తొట్లు కడుగుతూ అంతా విన్న అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆయన్ని వదిలెయ్యండి పిన్నిగారూ. తప్పు నాది."

మామయ్య గోడని ఆనుకున్నాడు.

"ఆ చేపని తీసిచ్చింది నేను. అప్పటికే దాని పొట్ట తేడాగా ఉంది. మీకు కనపడదులే అని ఇచ్చేశాను."

"నువ్వా!" అంది పెద్దావిడ. అత్తయ్య తప్పు ఒప్పుకుందంటే అది బ్రహ్మ రాసినదానికన్నా గట్టిదని వీధి వీధంతటికీ తెలుసు. ఆవిడకి అనుమానమే రాలేదు. "కళ్ళు ఆనని మనిషికి రోగిష్టి చేపని అంటగడతావా? నీకు మనసెలా ఒప్పిందే?" అని మొదలుపెట్టి, చెడామడా ఉతికి ఆరేసింది. తిట్టేకొద్దీ ఆవిడ గొంతులోకి జీవం వచ్చింది. అత్తయ్య పళ్ళు బిగపట్టి, మొహం కందగడ్డలా చేసుకుని అంతా పడింది. కూతురు కళ్ళు తుడుచుకుంది.

"సరే, ఈసారైనా మంచిది ఇయ్యి," అంది పెద్దావిడ అలిసిపోయి.

అత్తయ్య నీలం ఫైటర్ ఒకటి తీసిచ్చింది. "ఈ రకం తిండి తక్కువ తింటుంది పిన్నిగారూ. పొద్దున రెండు గింజలు, సాయంత్రం రెండు. అద్దం దగ్గరికొచ్చిందంటే ఆకలని కాదు, మీ కబుర్లు వినడానికి. నీళ్ళు మార్చడం అమ్మాయి పని."

వాళ్ళు వెళ్ళాక మామయ్య మెల్లిగా, "నువ్వు అన్ని తిట్లు తినడం నా..." అనబోయాడు.

"ఆపండి. వచ్చినవాళ్ళు బరువు ఇక్కడ దించి తేలిగ్గా ఇంటికెళ్ళాలని కదూ మీ తాపత్రయం? ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ మాత్రం తెలీదా నాకు? ఎండకీ వానకీ వాడేసి మాట చెడగొట్టుకున్నారు, అంతే. ఇంకోసారి నన్ను ఈ అప్రదిష్టకి లాగారో ఊరుకోను," అని విసవిసా లోపలికి వెళ్ళిపోయింది.

మామయ్య ఆ తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత నా దగ్గరికి వంగి, "ఏరా, మీ అత్తయ్య తన తప్పని ఒప్పుకుంది, విన్నావా?" అన్నాడు.

"విన్నాను మామయ్యా."

"అంతా నా వల్లే," అన్నాడు. ఆ మాట గర్వంగా అనడం మాత్రం అదే మొదటిసారి.