సెలవు రోజు ఊడ్చిన జుట్టు

చెప్పుల దుకాణం పైన, పద్దెనిమిది మెట్లెక్కితే వచ్చే ఆ బ్యూటీ పార్లర్‌కి బోర్డు ఉంది గానీ, బోర్డు చూసి వచ్చేవాళ్ళు తక్కువ. పార్లర్ అక్క జడ చూసి వచ్చేవాళ్ళే ఎక్కువ. నలభై నాలుగేళ్ళ మనిషికి నడుం దాటిన జడ! లావంటే లావు, మణికట్టంత. "నువ్వు తలకేం రాస్తావో అదే నాకూ రాసెయ్ తల్లీ" అని కొత్తవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే అడిగేవారు. "నేనేం రాయను, మా అమ్మ ఇచ్చిన జుట్టు" అని నవ్వేది. నవ్వేదే గానీ, తనకు అన్నం పెడుతున్నది ఆ జడేనని ఆమెకు బాగా తెలుసు.

ఇక జుట్టు ఊడిపోతోందని వచ్చేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. కొందరైతే ఊడిన వెంట్రుకల్ని కాగితంలో పొట్లం కట్టి మరీ తెచ్చేవారు. అక్క ఆ పొట్లం విప్పి చూసి, "ఓసి పిచ్చిదానా! రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. వారానికోసారి తలంటుకుంటే వారం రోజులవీ ఒకేసారి చేతికొస్తాయి. దానికి గుండెలు బాదుకుంటావేం?" అని కసిరేది. కసిరి, ఊరుకోదు. పాపిడి తీసి చూసేది. "ఇదిగో విను. కుచ్చులు కుచ్చులుగా వస్తున్నా, పాపిడి వెడల్పవుతున్నా, నాణెమంత చోట నున్నగా అయిపోయినా, తలలో మంటా పుండ్లూ ఉన్నా, ఊడటంతో పాటు ఒంట్లో నీరసం ఉన్నా, నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి పో. నా నూనెలతో అయ్యే పని కాదది."

పక్క కుర్చీలో దారంతో కనుబొమలు తీసే ఆమె చిన్న తోడికోడలికి ఈ పాఠమంతా కంఠతా వచ్చు. అక్క ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వేలు చూపిస్తుందో కూడా తెలుసు.

ఆ ఏడాది నీళ్ళ పైపు పగిలి మూడు రోజులు పార్లర్ మూసేశారు. మూసే ముందు సాయంత్రం అక్క నేలంతా శుభ్రంగా ఊడ్చి, తడిగుడ్డ పెట్టింది. రెండో రోజు ఇంట్లో తోచక, తువ్వాళ్ళు మడత పెడదామని, తోడికోడలి దగ్గర తాళంచెవి తీసుకుని ఒక్కతే వచ్చింది. మధ్యలో జడ విప్పి, తన కుర్చీలోనే కూర్చుని దువ్వుకుంది. వెళ్ళబోతూ అలవాటు కొద్దీ చీపురు పట్టి ఊడ్చింది. చేటలోకి ఎత్తి చూసింది.

చేటలో పిడికెడు జుట్టు.

ఎవరిదిది? ఇవాళ ఎవరూ రాలేదే!

పదిహేనేళ్ళుగా ఆమె ఊడ్చేది అందరి జుట్టూ కలిసిన కుప్ప. అందులో తనదెంతో ఏనాడూ చూసుకోలేదు. ఏప్రన్ మీద వెంట్రుక కనిపిస్తే ఎవరిదో అని దులిపేసేది. ఇంట్లో దిండు మీద కనిపిస్తే పార్లర్ నుంచి బట్టలకు అంటుకొచ్చిందనుకునేది. ఊరందరి తలలూ పైనుంచి చూసే మనిషి, తన నడినెత్తి మాత్రం చూసుకోలేదు. ఆ రోజు ఒక అద్దం ముందు నిలబడి, ఇంకో అద్దం వెనక పట్టుకుని చూసింది. పాపిడి వేలెడు వెడల్పుంది.

అప్పుడేం చెయ్యాలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా ఏం చేసిందనుకున్నారు? అమ్మకానికి పెట్టిన సవరాల పెట్టె తీసి, తన రంగుకు సరిపోయేది ఏరి జడలో కలిపి అల్లేసుకుంది. పాపిడి మీద నల్లపొడి అద్దింది. జడ పలచబడిందంటే వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు? అదొక భయం. రెండోది ఇంకా పెద్దది, పైకి అనుకోవడానికి కూడా నోరు రాలేదు. ఒంట్లో ఏ మాయదారి జబ్బో ఉంటే?

రెండు వారాలు అలాగే నెట్టుకొచ్చింది. కొత్త పైపుతో పాటు తల కడిగే కొత్త సింకు కూడా వచ్చింది.

"రా అక్కా, బోణీ నీ తలతోనే" అంది తోడికోడలు.

"నాకెందుకే, తీరిక లేదు."

"ఒక్క మనిషి లేదు షాపులో. ఏం తీరిక లేదూ?" అంటూనే భుజాలు పట్టి కూర్చోబెట్టి, జడ విప్పేసింది. సవరం ఊడి చేతికొచ్చింది. నీళ్ళు పోస్తే నల్లపొడి కారింది. తోడికోడలు నీళ్ళు కట్టేసి, పాపిడి వేళ్ళతో విడదీసి చూసింది.

"ఏంటక్కా ఇది?"

"మామూలేలేవే. వయసు."

తోడికోడలు ఒంటికాలి మీద లేచింది. వేలు చూపిస్తూ, అచ్చం అక్క గొంతుతో అందుకుంది. "పాపిడి వెడల్పవుతున్నా, ఒంట్లో నీరసం ఉన్నా, నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి పో!" అంది. అని, ఆ అనుకరణ ఆపేసి తన గొంతుతోనే అడిగింది. "పదో మెట్టు దగ్గర రోజూ ఎందుకు ఆగుతున్నావో నాకు తెలీదనుకున్నావా? తాళంచెవి వెతుక్కుంటున్నానంటావు. తాళంచెవి నా దగ్గర కదా ఉండేది!"

అక్కకు ఏడుపొచ్చింది. "భయమేస్తోందే" అంది.

"ఎయ్యనీ. నేనూ వస్తాగా."

డాక్టరమ్మ తల ఒక్క నిమిషం చూసింది, ప్రశ్నలు మాత్రం చాలాసేపు అడిగింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? నెలనెలా ఎన్ని రోజులు, ఎంత పోతోంది? ఎన్నాళ్ళుగా? పది రోజులు పోతోందని, ఏడాదిగా అంతేనని అక్క నేల చూపులు చూస్తూ చెప్పింది. రక్తపరీక్షలో ఒంట్లో ఇనుము అడుగంటిందని తేలింది. స్కాన్ చేస్తే గర్భసంచిలో చిన్న గడ్డ. భయపడాల్సిన రకం కాదన్నారు. "జుట్టు కోసమైనా వచ్చారు, నయం" అంది డాక్టరమ్మ. "ఇంకా ఆలస్యమైతే గుండెకు కష్టమయ్యేది. మందులు వాడండి. జుట్టుకి నెలలు పడుతుంది, తొందరపడకండి."

అక్క సవరం తీసేసి, జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. వచ్చినవాళ్ళంతా "అయ్యయ్యో, జడేదీ?" అన్నారు. నలుగురైదుగురు రావడం మానేశారు కూడా. మిగతావాళ్ళకు, అడిగిన ప్రతివాళ్ళకూ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆరు నెలలయ్యేసరికి పాపిడి పొడుగునా పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "చూడు, దువ్వెనకి లొంగడం లేదు, అచ్చం నీలాగే" అని తోడికోడలు మురిసిపోయింది.

ఒక పొద్దున బ్యాంకులో పనిచేసే అమ్మాయి పొట్లంతో వచ్చి కూర్చుంది. "ఇది మామూలేనా అక్కా?"

పొట్లంలో ఉన్నవి నలభై కూడా ఉండవు. అక్క ఎప్పటిలాగే కసరడానికి నోరు తెరిచి, ఆగింది. పొట్లం పక్కన పెట్టి, అద్దంలో ఆ అమ్మాయి పాలిపోయిన ముఖం చూసింది.

"మా మెట్లు ఎలా ఎక్కావమ్మా?"

"పదో మెట్టు దగ్గర కాసేపు నిలబడ్డానక్కా" అంది ఆ అమ్మాయి. "ఎందుకూ?"