యెరికో చుట్టూ తిరిగితే మజ్జిగ ఇచ్చారు

సహోదరులారా, ఈ పూట మీకొక మహా యుద్ధం గురించి చెప్పబోతున్నాను, అందులో కోటగోడలున్నాయి, బూర ఉంది, నది దాటడం ఉంది, శత్రువులున్నారు! నిజం చెప్పాలంటే గోడలు ఆళ్లగడ్డలో ఒక పాత ఇంటివి, బూర నా బండి హారన్, నది ఆ ఇంటి వెనక మురికి కాలువ, శత్రువులు ముందు గదిలో కిరాణా అంగడి పెట్టుకున్న ముసలి శెట్టిగారు, ఆయన భార్య రత్నమ్మ.

అప్పటికి నంద్యాలలో బాడుగ ఇండ్లు మారీ మారీ మా బీరువా కాళ్లు అరిగిపోయాయి. చివరి ఇంటి ఓనరు కోపం వచ్చినప్పుడల్లా మోటారు స్విచ్ ఆపేసేవాడు, అమ్మ ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకొని మెట్ల మీద ఏడ్చేది, నేను పక్కన కూర్చుని జోకులేసేవాణ్ణి, ఒక్కటీ పేలేది కాదు. ఆ చీకటి రోజుల్లోనే పని మీద ఆళ్లగడ్డకు పోయి, శెట్టిగారింటి గోడ మీద అప్పు కట్టలేదని బ్యాంకు అంటించిన వేలం నోటీసు చూశాను. ఇంటిని ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారట. ఆ ఉన్నదాంట్లో మనుషులు కూడా ఉన్నారని నాకు తట్టలేదు.

ఇశ్రాయేలీయులు యెరికో చుట్టూ తిరిగి కోట గెలిచారు కదా అని నేనూ వారం పాటు రోజూ బండి మీద వచ్చి ఆ ఇంటి చుట్టూ తిరిగాను, కాలువ వచ్చినప్పుడల్లా యొర్దాను నది అనుకొని దాటాను. నా ప్రార్థన ఇది, చెప్పడానికి సిగ్గేస్తోంది: "ప్రభువా, ఈ ఇంట్లో ఉన్నోళ్లను యాడికన్నా పంపించు, దీన్ని నా చేతికి అప్పగించు!" ఉన్నోళ్లు అన్నాను. పేర్లు తెలుసుకుంటే ప్రార్థన సాగదు మరి.

ఆఖరి రోజు రత్నమ్మ గ్లాసుతో ఎదురొచ్చింది.

"ఎండలో రోజూ మా ఇంటి చుట్టూ ప్రార్థన చేస్తాండావు. అడక్కుండానే మా కోసం ఇంత కష్టపడేటోడు యాడుంటాడు నాయనా! మజ్జిగ తాగు. ఇల్లు నిలబడితే మీ దేవునికి గూడా టెంకాయ కొడతా."

సహోదరులారా, ఒక్క గుక్క తాగి గ్లాసు తిరిగి చాపాను! ఉప్పు సరిపోయింది, లోపం మజ్జిగలో లేదు.

"అవ్వా, ఇల్లు మీకు నిలబడాలని కాదు, నాకు రావాలని తిరుగుతాండా," అన్నాను. ఆమె గ్లాసు వెనక్కి తీసుకోలేదు, తల మాత్రం దించుకుంది. తీసుకొని ఉంటే బాగుండేది.

అంగడిలోంచి శెట్టిగారు అన్నాడు: "ఏందీ, కొనేటోడివా? ముందే చెప్పింటే లోపలికి రమ్మందుముగా, కాలువలో కాళ్లు తడుపుకునే పని తప్పేది."

"నేను కొనను పెద్దాయనా, ఎల్లిపోతా."

"నువ్వు పోతే రుద్రవరం ఆయన కొంటాడు. ఆయన టేపు పట్టుకొని నేరుగా వంటింట్లోకే వచ్చినాడు, ఈమె పొయ్యి కాడ ఉండంగానే కొలిచినాడు. నువ్వన్నా గోడ బయట ఉండావు. నువ్వే కొనుక్కో అప్పా. అంగడి, ఎనక గది మాకు బాడుగకియ్యి, సాలు."

ఆ రాత్రి మోకరించి, "ప్రభువా, నా నోటితో అడిగిన దాని నుండి నన్ను విడిపించు" అని ఏడ్చాను, ఆయన విడిపించాడు, దేవునికే మహిమ! వేలం ఫోన్లోనే జరిగింది, బూర ఊదలేదు, గోడలేవీ కూలలేదు, ఇల్లు మాకు వచ్చింది, వాళ్లు కదల్లేదు. ఇప్పటికీ రత్నమ్మ మజ్జిగ తెస్తే నేను నేల చూస్తూనే తాగుతాను.

నాలాంటి వాడి ప్రార్థనను కూడా సరిదిద్దిన దేవుణ్ణి మీరూ నమ్మండి, అడగబోయే ముందు ఆ గోడ లోపల ఎవరున్నారో ఒక్కసారి చూడండి. ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం, అందరూ రండి, కాకపోతే ఎనిమిది దాటాక రండి. మోటారు స్విచ్ అంగడి గదిలో ఉంది, శెట్టిగారు షట్టర్ తీస్తేనే మాకు నీళ్లు.