నాలుగు సాళ్ల సెలెరీ

సవిల్లా చేతులు చూసి వయసు చెప్పమంటే ఎవరైనా పదేళ్లు ఎక్కువ చెప్పేవారు. ముఖం చూసి చెప్పమంటే పదేళ్లు తక్కువ చెప్పేవారు. ముఖానికి నవ్వడం తప్ప పెద్ద పనేమీ ఉండేది కాదు. చేతులు మాత్రం పదిహేనేళ్లుగా ఊరందరి చాకిరీ చేశాయి. అమెరికాలోని మా పెక్వియా లోయలో ఏ ఇంట్లో పురుడు వచ్చినా, ఎవరి కాలు విరిగినా, బగ్గీ పంపి సవిల్లాను తెచ్చుకునేవారు. ఆమె వారమో నెలో ఉండి, బట్టలు ఉతికి, రొట్టెలు కాల్చి, పిల్లల ముక్కులు తుడిచి, మళ్లీ అన్నగారింట్లో తన గదికి వచ్చి పడేది. తన గది అనడమే గానీ, వదిన ఆపిల్ బుట్టలన్నీ అందులోనే ఉండేవి.

నవంబరు వచ్చిందంటే ఇక పెళ్లిళ్లు. కార్లూ కరెంటూ ముట్టని మా ఆమిష్ క్రైస్తవుల పెళ్లిళ్లు పంటలు ఇంటికొచ్చాక, మంగళవారాలూ గురువారాలూ జరుగుతాయి. మూడు నాలుగు వందల మంది భోజనాలు. ప్రతి బల్ల మీదా గాజు జాడీల్లో పూలగుత్తుల్లా నిలబెట్టిన, పచ్చిగానే కరకరా నమిలే ఆకుపచ్చ సెలెరీ కాడలు ఉండాలి, గిన్నెల్లో మీగడ వేసి ఉడికించిన సెలెరీ ఉండాలి. సెలెరీ లేనిదాన్ని మావాళ్లు పెళ్లనరు. ఆ కాడల సందుల్లో మట్టి పోయేదాకా చన్నీళ్లలో కడిగే పని మాత్రం పెళ్లికాని సవిల్లాది. ఆ లెక్కన ఎనభై మూడు పెళ్లిళ్లకు కడిగింది. "నేను కడిగిన కాడలో ఒక్క ఇసుక రేణువు పంటికి తగిలితే నా పేరు మార్చుకుంటా" అనేది. వేరెవరు కడిగిన కాడలోనైనా మట్టి కనిపిస్తే ఆ పిల్లకు ఆ పూట తిట్లతోనే కడుపు నిండేది.

ముప్పై నాలుగో ఏట, ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, డీకన్ ఆమన్ జూక్ ఆమె కోసం వచ్చాడు. సంఘం పెద్దల్లో పెళ్లి మాటలు మోసేది ఆయనే. మంచు గురించి మాట్లాడాడు, తన గుర్రం కీళ్లనొప్పుల గురించి మాట్లాడాడు, చివరికి గొంతు సవరించుకున్నాడు.

"బెన్యువెల్ ఎష్ తెలుసుగా అమ్మాయ్? గుర్రాలకి తోలుపట్టీలు కుట్టే బెన్యువెల్."

"తెలియకేం? ఆయన భార్య పోయినప్పుడు ఆ ఇంట్లో నెల్రోజులు పనిచేశా. ఆ నెల్రోజుల్లో నాతో ఆరు మాటలు మాట్లాడాడు."

"మాట్లాడాడుగా మరి! నాతో అన్ని కూడా మాట్లాడడు. చూడమ్మా, ఆడపిల్లలిద్దరూ చిన్నవాళ్లు, వాళ్లకో తల్లి కావాలి. నీకా, నీదంటూ ఓ ఇల్లు లేదు. ప్రేమా గీమా అని నేను అబద్ధాలు చెప్పను."

"చెప్పినా నమ్మన్లెండి. నాదొకటే షరతు. వంటింట్లో నా కత్తి ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి. ఎవరూ ముట్టుకోకూడదు."

డీకన్ ఆ షరతు మోసుకెళ్లి, గంటలో జవాబు మోసుకొచ్చాడు.

"సరే అన్నాడు."

"అంతేనా?"

"అంతే. ఆ ఒక్క మాటకే చెమటలు పట్టాయి పాపం."

మార్చిలో పెళ్లయింది. పిల్లలున్నవాడి రెండో పెళ్లి కాబట్టి నలభై మందికి మించి పిలవలేదు. కోడి కాల్చారు, బంగాళదుంపలు మెదిపారు. జులైలో నాటి చలికాలం ముందు కోసే సెలెరీ మార్చిలో ఎక్కడ దొరుకుతుంది? క్యాబేజీ తరిగి పెట్టారు. అన్నగారింటి నుంచి బగ్గీలో వస్తూ, "నేను సెలెరీ కడగని మొదటి పెళ్లి నాదే!" అని సవిల్లా పకపకా నవ్వింది. బెన్యువెల్ కూడా నవ్వాడు. ఆ తర్వాత మూడు మైళ్లూ గుర్రం డెక్కల చప్పుడే.

కొత్త ఇంట్లో ఆమెకు కష్టమేమీ ఎదురుకాలేదు. తొమ్మిదేళ్ల లీయా, ఐదేళ్ల యూనిస్ వారంలోనే ఆమెకు అంటుకుపోయారు. బెన్యువెల్ చెల్లెలు మాటీకి ఇరవై రెండేళ్లు. తల్లిదండ్రులు లేరు కాబట్టి అన్న దగ్గరే ఉంటూ, వారానికి మూడు రోజులు సంతలో తీపి రొట్టెలు అమ్మేది. నోరున్న పిల్ల. సవిల్లాకు తోడు దొరికింది.

బెన్యువెల్ మాత్రం బెన్యువెల్‌లానే ఉన్నాడు. ఒకరోజు కత్తి పిడి విరిగింది. మర్నాడు పొద్దున చూస్తే, పిడికి మెత్తటి తోలు చుట్టి సన్నటి కుట్టు వేసి ఉంది. కత్తి అంగుళం కూడా జరగకుండా పెట్టినచోటే ఉంది. ఆమె పనిమధ్యలో అతని కొట్టు గుమ్మంలో నిలబడి ఊరి కబుర్లన్నీ చెప్పేది. వింటున్నాడో లేదో తెలిసేది కాదు. కొన్నాళ్లకు ఒక సంగతి కనిపెట్టింది. తను మాట్లాడుతున్నంతసేపూ అతని సుత్తి మెల్లగా పడుతోంది. అప్పట్నుంచి అవసరం లేని కబుర్లు కూడా చెప్పడం మొదలుపెట్టింది.

రెండో వేసవి, జులైలో, సవిల్లా అన్నగారింట్లో పురుటికి సాయం వెళ్లి పదిరోజులకు తిరిగొచ్చింది. బగ్గీ దిగుతూనే పెరటివైపు చూసింది. తోలు కొట్టు వెనక నాలుగు సాళ్ల సెలెరీ నాటి ఉంది. సాలుకు వంద మొక్కలు!

ఒక ఇంటికి కూరలోకి పాతిక మొక్కలు చాలు. నాలుగు వందలంటే పెళ్లే. లీయాకు పదేళ్లు, యూనిస్‌కు ఆరు. మిగిలింది మాటీ. మాటీకి పెళ్లి కుదిరింది, ఈ ఇంట్లోనే చేస్తున్నారు, ఈ ఇంటి ఇల్లాలికి మాటమాత్రం చెప్పలేదు!

అడగడానికి లేదు. అక్టోబరులో ప్రార్థన రోజున డీకన్ పేర్లు చదివేదాకా పెళ్లి మాట గుట్టుగా ఉంచాలి. అడగకూడదు, అడిగినా ఒప్పుకోకూడదు. అందుకే మావాళ్లు నోళ్లు కట్టేసుకుని పొరుగువాళ్ల సెలెరీ సాళ్లు లెక్కపెడుతుంటారు. పక్కింటి ముసలమ్మ ఏరీ వారం తిరక్కుండానే కంచె దగ్గరికి వచ్చింది.

"ఏమే సవిల్లా, ఈ ఏడు అంత సెలెరీ ఎందుకే?"

"సూపులోకి పెద్దమ్మా."

"నాలుగొందల మొక్కల సూపా! మీ గుర్రానికి స్నానం చేయిస్తారేమిటే అందులో?"

మాటీ, "నాకే పెళ్లీ లేదు వదినా, ఒట్టు!" అని మొత్తుకుంది. కానీ పెళ్లి కుదిరిన ప్రతి పిల్లా సరిగ్గా ఆ మాటే అంటుంది. దాంతో సవిల్లాకు అనుమానం కాస్తా తీరిపోయింది. జాడీలు తోమింది. అలమరాలకు రంగు వేసింది. దుప్పట్లు ఎండబెట్టింది. అదంతా చూసి బెన్యువెల్ తోలు కోస్తూ ఈల వేయడం మొదలుపెట్టాడు. ఆ ఈల విన్నకొద్దీ ఆమెకు ఒళ్లు మండేది.

పదిహేనేళ్లు ఎన్ని ఇళ్లలో ఎన్ని విషయాలు ఆమెకు చెప్పకుండా దాచారో లెక్కలేదు. పనికొచ్చిన మనిషికి చెప్పరు, అది మామూలే. ఏనాడూ బాధ అనిపించలేదు. ఇప్పుడు మాత్రం అన్నం సహించనంత బాధగా ఉంది. ఒకరోజు బఠానీలు ఒలుస్తుండగా ఆ కారణం తట్టింది. తనకు బెన్యువెల్ అంటే ఇష్టం. ఉత్తి ఇష్టం కాదు, వల్లమాలిన ప్రేమ. ఆ మనిషికేమో తను ఇంకా పనికొచ్చిన సవిల్లానే. ఆ పూట బఠానీల్లో సగం కింద పోశాయి చేతులు.

అక్టోబరు చివరి ఆదివారం వచ్చింది. మాకు చర్చి భవనం ఉండదు; ప్రార్థనా, ఆ తర్వాతి భోజనమూ వంతులవారీగా ఒక్కో ఇంట్లో జరుగుతాయి. ప్రార్థన అయ్యాక డీకన్ లేచి పెళ్లి జంటల పేర్లు చదివాడు. సవిల్లా వేళ్ల మీద లెక్కపెట్టింది. అయిదు జంటలు. వాటిలో మాటీ పేరు లేదు. ఆడవాళ్లంతా ఒక్కసారిగా సవిల్లా వైపు తిరిగారు.

ఇంటికొచ్చాక, బెన్యువెల్ గుర్రాన్ని విప్పుతుంటే ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఆ సెలెరీ ఎవరికి?"

"అదేంటి? నీకు తెలిసిపోయిందనుకున్నా."

"ఏం తెలుసు? మాటీ పెళ్లనుకున్నా! జాడీలు తోమా, రంగులేశా, మూడొందల మందికి రొట్టెలు లెక్కేశా. నాకో మాట చెప్పకుండా మళ్లీ పనిమనిషిని చేశావని మూణ్నెల్లు ఏడ్చా. ఉల్లిపాయలు తరక్కుండా ఏడ్చా!"

బెన్యువెల్ ముఖం కందగడ్డ అయింది. చేతిలో పట్టీ అటూ ఇటూ తిప్పాడు.

"నీకే."

"నాకేంటి?"

"సెలెరీ. నీ పెళ్లికి లేదుగా." పట్టీని భుజాన వేసుకున్నాడు. "ఆవేళ బగ్గీలో నవ్వావు. నేనూ నవ్వాను. వంతెన దాటాక చూశా. నువ్వు నవ్వట్లేదు."

అన్ని మాటలు ఒక్కసారిగా ఆ నోట్లోంచి రావడం చూసి గుర్రం కూడా తల తిప్పింది.

"పెళ్లయి ఏడాదిన్నర దాటిందయ్యా మహానుభావా! ఇప్పుడు నాటితే ఎట్లా?"

"అప్పుడు నాకు తెలీదు."

"ఏం తెలీదు?"

"నువ్వంటే ఇంత ఇష్టమవుతుందని. తెలిసుంటే ముందే నాటేవాణ్ణి."

సవిల్లా గుర్రం అవతలి పక్కకు వెళ్లింది.  ఇద్దరూ గుర్రానికి చెరోపక్క నిలబడి చాలాసేపు దాని మెడ నిమిరారు. గుర్రం బాగా సుఖపడింది.

వారం తిరక్కముందే డీకన్ ఆమన్ రొప్పుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా బెన్యువెల్! నా చెవిన పడకుండా పెళ్లి చేస్తున్నావా? పేర్లు చదవాల్సినవాణ్ణి నేను!"

"చదివేశారుగా, పోయినేడు మార్చిలో. సెలెరీయే ఆలస్యమైంది."

డీకన్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గడ్డం సవరించుకుంటూ సాళ్లవైపు చూశాడు. "ప్రార్థన భోజనంలో సెలెరీ పెట్టకూడదని నియమమైతే ఏదీ లేదు" అన్నాడు.

నవంబరు రెండో ఆదివారం ప్రార్థన వంతు వీళ్లింటికే వచ్చింది. ముందురోజు శనివారం బెన్యువెల్ ఆడపిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని కొట్టులో దూరి, తలుపు గడియ పెట్టాడు. లోపల నీళ్ల చప్పుడు, కిలకిలలు. సవిల్లా బయట నిలబడి, "మొదళ్ల దగ్గర తోమండే! వేళ్లు లోపలికి పెట్టండే!" అని అరిచింది. "నువ్వు రాకూడదమ్మా!" అని యూనిస్ లోపల్నుంచి అరిచింది.

మర్నాడు ప్రార్థన అయ్యాక బల్లలు వేశారు. ఎప్పుడూ ఉండే రొట్టె, ఊరగాయ, వేరుశనగ ముద్ద ఉన్నాయి. వాటి మధ్య ప్రతి బల్ల మీదా జాడీ నిండా సెలెరీ ఉంది. మాటీ వదిన చెయ్యి పట్టి లాక్కెళ్లి, పెళ్లిళ్లలో పెళ్లికూతురు కూర్చునే మూలబల్ల దగ్గర కూర్చోబెట్టింది. సవిల్లా రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ ఏరీ ముసలమ్మ భుజం నొక్కి కూర్చోబెట్టింది. "కూర్చోవే! ఎనభైమూడు పెళ్లిళ్లు నిలబడి చూశావుగా!"

మగవాళ్లు వడ్డించడం మా దగ్గర లేదు. అయినా బెన్యువెల్ అందరి మధ్యలోంచి ఒక జాడీ రెండు చేతులతో పట్టుకుని వచ్చి, ఆమె ముందు పెట్టి, చెవులు ఎర్రబడుతుంటే అక్కడే నిలబడ్డాడు. ఆడవాళ్లు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సవిల్లా ఒక కాడ తీసి కొరికింది.

పళ్ల కింద ఇసుక కరకరమంది.

బెన్యువెల్ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. "బాగుందా?" అన్నాడు.

"ఇంత బాగా కడిగింది నేనెక్కడా తినలేదు" అంది సవిల్లా. ఆ కాడ చివరిదాకా నమిలి, చెయ్యి చాపి ఇంకొకటి తీసుకుంది.