ఊరికే వచ్చిన తోడు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను బోగోలు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వేశారు. నా హోదా నేత్ర వైద్య సహాయకుడు. ఊళ్లవాళ్లు మాత్రం కంటి డాక్టరనే పిలిచేవాళ్లు. కాదని చెప్పి చెప్పి విసుగొచ్చి, చివరికి పలకడం మొదలుపెట్టాను. చూపు పరీక్షించడం, శుక్లం ముదిరినవాళ్లను ఆపరేషన్‌కు నెల్లూరు పంపడం, తిరిగొచ్చాక కోలుకునేదాకా చూసుకోవడం నా పని. కంటి మీద కత్తి పెట్టేది సర్జన్. అంతకు ముందూ తర్వాతా పడే తిట్లన్నీ నావి.

జువ్వలదిన్నె పక్క పల్లెలో క్యాంపు పెట్టి మైకు పట్టుకున్నాను. ఆపరేషన్ ఊరికే చేస్తారు, మందులు ఊరికే ఇస్తారు, వ్యాన్లో ఊరికే తీసుకెళ్లి దించుతారు అని గొంతు పోయేలా చెప్పాను. ముందు వరుసలో కూర్చున్న ఎస్తేరమ్మ అడ్డు తగిలింది.

"ఊరికే ఎందుకు చేస్తారు సార్? నేను మీకేమన్నా చుట్టమా?"

ఆమెకు పిల్లల్లేరు, భర్త పోయాడు. వలలు బాగుచేసి బతికే మనిషి. ఏడాదిగా చేతికి దారం అందుతోంది కానీ కంటికి కన్ను అందడం లేదు. వలలో రంధ్రాన్ని కన్ను అంటారని నాకు ఆమే చెప్పింది. టార్చి వేసి చూశాను. కుడికంట్లో శుక్లం తెల్లగా పండిపోయింది. ఇంకా ఆలస్యమైతే లోపల ఒత్తిడి పెరిగి, ఆపరేషన్ చేసినా చూపు రాని స్థితి వస్తుంది. ఎడమది ఇంకా అంత ముదరలేదు. ఈ సంగతి వివరంగా చెప్పి, అరగంట బతిమాలి ఒప్పించాను.

తోడు లేనిదే పేషెంటును వ్యాను ఎక్కించకూడదని మా నియమం. ఆసుపత్రిలో పేషెంటుకు భోజనం పెడతారు. తోడొచ్చినవాళ్లు ఏం తింటారో, వాళ్ల పని ఎవరు చేస్తారో మా కాగితాల్లో ఎక్కడా ఉండదు. తోడెవరని అడిగితే ఎస్తేరమ్మ తల దించుకుంది. పక్కింటి రమణమ్మ ముందుకొచ్చింది. కావలికి చేపల బుట్ట తీసుకెళ్లి అమ్ముకునే మనిషి.

"నేనొస్తాలే అక్కా. ఊరికే ఉండాను గదా."

"వేట మొదలవతా ఉంటే ఊరికే ఉండటమేందే?" అని ఎస్తేరమ్మ గదమాయించింది. సముద్రంలో చేపల వేట మీద ఏటా ఉండే రెండు నెలల నిషేధం ఆ వారమే ముగుస్తోంది. తన బుట్ట తోడికోడలికి అప్పజెప్పానని, అమ్మకం ఎక్కడికీ పోదని రమణమ్మ అంది. నాకు కావలసింది సంతకం పెట్టే తోడు. దొరికింది. మిగతాది నేను ఆలోచించలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది. కంట్లో నీళ్లు పడకూడదు, పొయ్యి పొగ తగలకూడదు, వంగి బరువులెత్తకూడదు, రోజుకు నాలుగైదుసార్లు చుక్కల మందు వేయాలి. వంట, మందు, స్నానం అన్నీ రమణమ్మే చూసింది. చుక్కలు వేయబోతే ఎస్తేరమ్మ కన్ను గట్టిగా మూసుకునేదట. "చిన్నపిల్లయినా నయం సార్" అని రమణమ్మ నాతో మొరపెట్టుకుంది.

వారం తర్వాత పరీక్షకు వెళ్లాను. ఎడమకన్ను మూయించి నా వేళ్లు లెక్కపెట్టమన్నాను. తడబడకుండా చెప్పింది. దూరపు చూపు కోసం గుమ్మంలో నిలబెట్టి, ఎదురుగా రమణమ్మ వసారాలో ఏం కనిపిస్తోందని అడిగాను.

"బుట్ట," అంది. ఇంకాస్త పరికించి, "బుట్టలో కోడి" అంది.

నేను తిరిగి చూశాను. చేపల బుట్టలో ఎండుగడ్డి పరిచి ఉంది. కోడి గుడ్ల మీద కదలకుండా కూర్చుంది. కింద అప్పుడే పెంకు పగలగొట్టుకొచ్చిన పిల్ల ఒకటి కిచకిచమంటోంది. కోడి పొదగడానికి మూడు వారాలు పడుతుంది. అంటే వేట నిషేధం రోజుల్లో పరిచిన గడ్డి, పడవలు సముద్రంలోకి వెళ్లాక కూడా తీయలేదు. రెండు నెలలు ఎదురుచూసి, చేపలకు మంచి గిరాకీ ఉండే మొదటి రోజుల్లో, ఆ బుట్ట గడప దాటలేదు.

"ఏమే, నీ తోడికోడలు కోడా?" అంది ఎస్తేరమ్మ.

రమణమ్మ నవ్వేసింది. "బుట్ట ఊరికే ఉండాదిలే అక్కా. దాన్ని లేపడం ఎందుకని."

ఎస్తేరమ్మ నవ్వలేదు. మందు వేసిన కంట్లోంచి నీళ్లు కారుతుంటే, ఏడవకూడదని నేను కసురుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా చేసిన సర్వీసులో నేను రమణమ్మంతగా ఇష్టపడ్డ మనిషి ఇంకొకరు లేరు.

రెండో కంటికి తేదీ వేయబోతే ఎస్తేరమ్మ ఆపేసింది. "వేట లేనప్పుడు చెయ్యండి సార్. నా కన్ను ఆగతాది. చేపలాగవు."

సర్జన్‌ను అడిగితే, నెలనెలా పరీక్షిస్తూ ఉంటే ఆగవచ్చన్నారు. మరుసటి ఏడు నిషేధం మొదలవగానే వ్యాను ఎక్కించాను. తోడు రమణమ్మే. నన్ను చూసి, "ఈసారి నిజంగానే ఊరికే ఉండాను సార్" అంది.

ఆ తర్వాత ఏ క్యాంపులోనూ మైకులో ఊరికే అన్న మాట అనలేదు. ఆపరేషన్‌కు డబ్బు కట్టక్కర్లేదని చెప్పేవాణ్ణి. ఆ వెంటనే తోడెవరొస్తారు, ఏ నెలలో వాళ్ల పని చెడదు అని అడిగేవాణ్ణి. వాళ్ల జవాబు విన్నాకే తేదీ వేసేవాణ్ణి.