తోడికోడలికి ఇచ్చిన కంప్యూటర్

ఆ కంప్యూటర్ ఇస్తానని నోరు జారింది నేనే. ఎవరూ అడగలేదు. బీచుపల్లిలో మా ఆడపడుచు మనవడికి పుట్టువెంట్రుకలు తీయించిన రోజున, మొక్కు అయిపోయి అందరం చెట్ల కింద అన్నాలకు కూర్చున్నాం. అక్కడ మా తోడికోడలు, అంటే మా మరిది భార్య, తన సంగతులు చెబుతోంది. వాళ్ళది అమరచింత. మాలాగే మగ్గాల ఇల్లు. ఊళ్ళో మగ్గాలవాళ్ళంతా కలిసి ఒక గది తీసుకుని ఆడపిల్లలకు చీర అంచులు గీయడం నేర్పిస్తున్నారట. నేర్పేది తనేనట. గ్రాఫ్ కాగితాల మీదే నేర్పుతున్నామనీ, ఒక కంప్యూటర్ ఉంటే బాగుండేదనీ అంది. నాతో కాదు, పక్కనున్నవాళ్ళతో.

అందరూ ఆమె నోటికేసే చూస్తున్నారు. మా అత్తయితే విస్తట్లో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వింటోంది. నాకు ఒళ్ళు మండింది. నేను అప్పుడే కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. ఆ మాట ఎలా ఎత్తాలా అని పొద్దున్నించీ చూస్తున్నాను.

"నా పాతది ఊకెనే పడుంది. తీస్కపో చెల్లె. నేను కొత్తది తెచ్చుకున్న గద," అన్నాను.

కొత్తది అన్న ముక్క ఎవరి చెవినా పడలేదు. ఆమె మాత్రం లేచొచ్చి ఎంగిలి చెయ్యి అటు పెట్టి రెండో చేత్తో నా భుజం పట్టుకుంది. "నిజంగనా అక్క? పిల్లలు ఎంత సంబురపడ్తరో!" అంది. మా అత్త కళ్ళు తుడుచుకుంది. నా కోసం కాదు, చిన్నకోడలికి కంప్యూటర్ వస్తున్నందుకు.

మా ఇద్దరి సంగతీ కాస్త చెప్పాలి. నేను గద్వాలలో పెద్దకోడలిని. నూలు చీరకు పట్టు అంచు వేసే ఇల్లు మాది. మా ఆయన నేస్తాడు, నేను అంచులు గీస్తాను. ఆమె కూడా గీస్తుంది. కాగితం మీద, పెన్సిల్‌తో, అన్నం ఉడికేలోపు. చూసినవాళ్ళంతా ఆమె చెయ్యి మంచిదంటారు. నన్ను మాత్రం కష్టపడుతుందంటారు. ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో పెళ్ళైనప్పటి నుంచీ నాకు బాగా తెలుసు. కంప్యూటర్ నేర్చుకున్నది కూడా ఆమెను మించడానికే. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నా తోడికోడలు నవ్వను కూడా నవ్వదు. మా మధ్య పందెం నడుస్తున్నదన్న సంగతే ఆమెకు తెలియదు. నాకు అదే ఇంకా కడుపుమంట.

ఇస్తానన్నాక, ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే గుండె జారింది. నా బతుకంతా అందులోనే ఉంది. అందరి ఆధార్ కార్డుల ఫొటోలు, బ్యాంకు పాసుపుస్తకం పేజీలు, చీరలు తెప్పించుకునేవాళ్ళ అడ్రసులు, మా ఆయన మోకాలి ఎక్స్‌రే, నేను ఏ పాస్‌వర్డూ కొట్టకుండానే తెరుచుకునే మెయిల్. వాటన్నిటికంటే ముఖ్యంగా హంసల అంచు.

అది ఇంకా మగ్గం ఎక్కలేదు. అంచు పొడవునా హంసలు వరసగా నడుస్తాయి. కొంగు మొదలయ్యే చోట చివరి హంస మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. నాగర్‌కర్నూల్‌లో చీరల దుకాణం ఉన్న సేటు ఒకాయన పెళ్ళిళ్ళ కోసం కొత్త అంచు అడిగి ఉన్నాడు. ఈ హంసలు ఆయనకు నచ్చితే, ఒక్కసారైనా, ఒక్కరైనా నా చెయ్యి మంచిదంటారని నా ఆశ. ఒక్క మెడే కుదరడం లేదు. గళ్ళలో గీసేది కదా, వంపు తిరిగే చోట మెట్లు మెట్లుగా కనిపిస్తోంది. చెరిపి గీసి, చెరిపి గీసి విసుగొచ్చింది. అలాంటిది ఆమె కంట పడితే ఇంకేమైనా ఉందా? అన్నం ఉడికేలోపు సరిచేసి పారేస్తుంది.

అందుకని తుడిచేయాలనుకున్నాను. డిలీట్ కొడితే పోదని నాకు అనుభవమే. అంతకుముందు ఒకసారి అంచులన్నీ ఉన్న ఫోల్డర్‌ను పొరపాటున తీసేసి ఏడుస్తూ కూర్చుంటే, మా ఆయన కంప్యూటర్‌ను వనపర్తి తీసుకుపోయాడు. అక్కడి దుకాణంలో అన్నీ వెనక్కి తెచ్చారు. నా అంచులతో పాటు, నేను ఎప్పుడో పారేసిన ఫొటోలు కూడా వచ్చాయి. మరిది పెళ్ళిలో ఆమె పక్కన మూతి ముడుచుకుని నిలబడ్డ ఫొటో కూడా వాటిలో ఉంది. డిలీట్ అంటే గుమ్మం మీది పేరు చెరపడమే, ఇంట్లో సామాను కదలదు అని ఆ రోజు అర్థమైంది. ఆ చోట మళ్ళీ ఇంకేదో రాస్తే తప్ప పాతది పోదు.

ముందు అన్నిటినీ విడిగా ఒక డిస్కులోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాను. మెయిల్, బ్యాంకు, ఫొటోలు, అన్నిటి నుంచీ బయటికి వచ్చాను. గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డులు తీసేశాను. ఆ తర్వాత రీసెట్‌లోకి పోయి అన్నీ తీసేయమన్నాను. అక్కడ ఇంకొక మాట అడుగుతుంది, డ్రైవ్‌ను కూడా శుభ్రం చేయమంటారా అని. కంప్యూటర్‌ను వేరేవాళ్ళకు ఇచ్చేటట్టయితే అదే నొక్కాలి. చాలామంది చాలాసేపు పడుతుందని దాన్ని వదిలేస్తారు. నేను వదల్లేదు.

పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా నడిచింది. వంట చేస్తూ వచ్చి చూశాను, ఉతికిన బట్టలు ఆరేసి వచ్చి చూశాను. శాతం ఒక్కొక్కటీ పెరుగుతుంటే నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను. పాస్‌వర్డులు పోతున్నందుకు కాదు ఆ సంతోషం. ఆమె తెరిచి చూస్తే ఏమీ ఉండదు. నా కష్టంలోంచి ఒక్క గడి కూడా ఆమెకు దొరకదు. మా ఆయన మగ్గం మీంచి చూసి, "గంతగనం ఏం తుడుస్తున్నవే? ఇచ్చేది మనోళ్ళకే గద," అన్నాడు. మనోళ్ళయితేనే ఇంకా గట్టిగా తుడవాలని నేను పైకి అనలేదు.

ఆ రాత్రే కంప్యూటర్‌ను కొత్తదానిలా తెరుచుకునేటట్టు చేసిపెట్టి, మర్నాడు పాత చీరల్లో చుట్టి ఆటోలో పెట్టుకుని జూరాల డ్యాం మీదుగా అమరచింత పోయాం. గది నిండా ఆడపిల్లలు. ఆమె కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ పెట్టించింది, కొబ్బరికాయ నా చేతే కొట్టించింది. ఆన్ చెయ్యమని కూడా నన్నే అంది. చేశాను. ఖాళీ తెర వస్తుందని నాకు తెలుసు కాబట్టి గర్వంగా పక్కకు జరిగి నిలబడ్డాను.

తెర మధ్యలో ఒక్కటే ఒక్క ఫైలు ఉంది.

నేను అర్థం చేసుకునేలోపే ఆమె దాన్ని తెరిచింది. హంసలు. వరసగా, రంగులతో సహా నా హంసలు. పిల్లలు "అబ్బ!" అన్నారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తృప్తిగా నవ్వుతున్నాడు.

పక్కకు లాక్కుపోయాను. "ఏందయ్య గిది? ఎవరు పెట్టమన్నరు?"

"ఎవరు చెప్పాల్నే? బోసి మగ్గం ఇస్తరా ఎవరన్న? కొసలన్న ఉంచి ఇస్తరు గద. నువ్వు మొత్తం తుడిస్తివి, నాకు మనసొప్పలే. పొద్దుగాల నువ్వు స్నానానికి పోయినప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి ఒక్కటి ఎక్కించిన."

మా ఇళ్ళలో ఆ పద్ధతి నిజమే. మగ్గాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మొత్తం విప్పి ఇవ్వరు. అయిపోయిన పడుగు కొసలు కొన్ని దానికి ఉంచే ఇస్తారు. తీసుకున్నవాళ్ళు తమ కొత్త పోగుల్ని ఆ కొసలకు అతుక్కుంటారు. అలా కాకపోతే ప్రతి పోగునూ మొదటి నుంచీ ఎక్కించుకోవాలి, పైగా బోసి మగ్గం ఇంటికి మంచిది కాదంటారు. కంప్యూటర్‌కు ఈ పద్ధతి పెట్టినవాడు మాత్రం లోకంలో మా ఆయన ఒక్కడే అయ్యుంటాడు. గీసిన అంచును మగ్గానికి ఎక్కించే అట్టలకు చిల్లులు కొట్టేవాడికి చూపించి ధర కనుక్కోమని, మిగతా అంచులతో పాటు హంసల అంచును కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆయన చేతికిచ్చిందీ నేనే. లోపలిదంతా తుడిచి తుడిచి, ఆయన చొక్కా జేబులో ఉన్నదాన్ని మరిచిపోయాను.

"ఉన్నవాటిల గదే మంచిగుండె," అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎప్పుడైనా అని ఉంటే ఎంత పొంగిపోయేదాన్నో. అక్కడ వింటే పుండు మీద కారం చల్లినట్టయింది.

ఈలోపు ఆమె వచ్చింది. "అక్క, గిది మా పిల్లల కోసమే పెట్టినవా?" అంది. కళ్ళలో నీళ్ళు. గదిలో అందరూ వింటున్నారు. కాదని చెబితే నా గౌరవం ఏం కాను?

"మీ కోసమే చెల్లె," అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు జూరాల దగ్గర చేపలు తిందామని మా ఆయన ఆటో ఆపించాడు. నేను దిగలేదు.

ఇంటికొచ్చి పంతం పట్టాను. ఆమె కంటే ముందు నా హంసలే మగ్గం ఎక్కాలని రోజూ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మెడ కుదరలేదు. వంకరగా ఉన్న మెడతో సేటుకు చూపించడానికి మనసొప్పలేదు. ఆమె ఏం చేస్తోందో కనుక్కోవాలని ఉండేది, అడగడానికి నామోషీ. మా అత్త ఫోన్‌లో ఆమెతో మాట్లాడుతుంటే తలుపు పక్కన ఏదో పని ఉన్నట్టు నిలబడేదాన్ని. కూరల సంగతి, దవాఖాన సంగతి తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

చలి మొదలయ్యాక ఒకరోజు సేటు మా ఇంటికొచ్చాడు. హంసలు సరిగా రాలేదని చెప్పలేక, పాత అంచులే ఒక్కొక్కటిగా చూపిస్తున్నాను. ఆయన ఆవులిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే అమరచింత నుంచి ఆమె దిగింది. సేటు వస్తున్నట్టు ఆమెకు తెలియదు. ఒక చీర పట్టుకొచ్చింది. పిల్లలు నేర్చుకుని నేయించిన మొదటి చీరట, మొదట నాకే చూపించాలని తెచ్చిందట. చాప మీద మడత విప్పింది.

హంసలు ఎర్రంచు మీద జరీతో నడుచుకుంటూ పోతున్నాయి. నేను మిగతావి చూడలేదు. కొంగు దగ్గరికి పోయాను. చివరి హంస మెడ తిప్పింది. మెట్లు లేవు. నీళ్ళలోంచి తల ఎత్తి చూసినంత మెత్తగా తిరిగింది. ఏం చేసిందో ఒక్క చూపులో తెలిసింది. నేను మెడను సరిచేయాలని అన్ని రోజులు మెడ దగ్గరే గుద్దులాడాను. ఆమె మెడను వదిలేసి, కింద ఛాతీని ఒక్క వరస వెనక్కి జరిపింది. అంతే. ఏడుపొచ్చింది. ఆమె దొంగిలించి ఉంటే తిట్టుకునేదాన్ని. ఆమె బాగు చేసింది. దానికి ఏమని తిట్టాలి?

సేటు ఆవులింత మానేసి ముందుకు వంగాడు. అంచంతా వదిలేసి సరిగ్గా ఆ మెడ మీదే వేలు పెట్టాడు.

"ఇగో, గిది పని అంటే. గీ మెడ చూడుండ్రి. ఎవరు గీసిండ్రమ్మ?"

"మా అక్క," అంది ఆమె, ఆలోచించను కూడా ఆలోచించకుండా. "అంత మా అక్క చెయ్యే సేటు. మేం ఊకె నేసినం."

సేటు నా వైపు తిరిగాడు. "నీ చెయ్యి శాన మంచిదమ్మ," అన్నాడు.

ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట. మా అత్త గుమ్మంలో నిలబడి వింటోంది. మా ఆయన మగ్గం ఆపాడు. నేను తలూపితే చాలు, ఆ మాట నాదైపోతుంది. ఆమె ఎప్పటికీ కాదనదు. ఆమె ముఖంలో ఏ లెక్కా లేదు. నాకు ఇచ్చేసి హాయిగా కూర్చుంది.

"మెడ నాది కాదు," అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. "తక్కినయి నావి. గా మెడ ఆమెది. నాకు కుదరలేదు."

మా అత్త వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. అంతకుముందు ఎప్పుడూ పెట్టలేదు. ఆ అంచు సేటు తీసుకున్నాడు. చుట్టాల్లో ఎవరు కలిసినా మా ఆయన ఆ రోజు సంగతి చెబుతాడు. పెద్దకోడలి మనసు ఎంత పెద్దదో అని వాళ్ళు మెచ్చుకుంటారు. మనసు పెద్దదీ కాదు, ఏమీ కాదు. ఆమె దానంగా పెట్టిన మెప్పు మింగుడుపడక బయటికి వచ్చిన మాట అది. ఆ మెడ నేను గీసి ఉండాల్సింది.