విమానంలో నాలుగో వంతు: ఎమ్మిగనూరు నుంచి జమ్మలమడుగు దాకా

సొంత విమానం అనగానే మనకు సినిమా హీరోలు, సిమెంటు కంపెనీల యజమానులు గుర్తొస్తారు. నాకూ అంతే. నేను ఎమ్మిగనూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారిని. రెక్క కింద గాలి ఎలా తోస్తుందో ఇరవై ఏళ్లుగా బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెబుతున్నాను గానీ, విమానం నిచ్చెన కూడా తొక్కిన పాపాన పోలేదు. పోయినసారి పిల్లల్ని గండికోటకు విహారయాత్రకు తీసుకుపోతూ ప్రొద్దుటూరులో ఒక బేకరీ దగ్గర బన్నుల కోసం ఆగాం. గల్లా వెనక గోడ మీద, మక్కా పటం పక్కన, ఒక చిన్న పసుపుపచ్చ విమానం ఫోటో, దాని ముందు నవ్వుతూ బేకరీ ఓనరు. ఎవరిదని అడిగితే, "మాదే సారూ, నలుగురిది" అన్నాడు. బన్నుల సంచి అక్కడే మర్చిపోయి బస్సెక్కాను.

ఆయన పేరు మహబూబ్ బాషా. అప్పటినుంచి ఫోన్లలో స్నేహం. బాషా, ఒక పళ్ల డాక్టరు, ఒక రైతు, ఒక పసుపు వ్యాపారి కలిసి పాత రెండు సీట్ల మైక్రోలైట్, అంటే తేలికపాటి బుల్లి విమానం, కొనుక్కున్నారు. రైతు పొలంలోనే గరుసు తోలి, రోలరు తిప్పి, అనుమతులు తెచ్చుకుని చిన్న రన్‌వే చేసుకున్నారు. ఇప్పుడు నడుము నొప్పి వల్ల పసుపు వ్యాపారి తప్పుకుంటున్నాడు. ఆ నాలుగో వాటా నాకిస్తామని ఈ నెలలో కబురొచ్చింది. అనంతపురం నుంచి ఇంకొకాయన కూడా అడుగుతున్నాడట, కాబట్టి ఆదివారం లోపల ఔననో కాదనో చెప్పాలి. నాకు నలభై ఏడు. ఇలాంటి కబురు మళ్లీ వస్తుందనే నమ్మకం లేదు. వాటా ధర మంచి బుల్లెట్టు బండి కంటే ఎక్కువ, ట్రాక్టరు కంటే తక్కువ. మేడ మీద గది కట్టడానికి దాచుకున్నది సరిపోతుంది. కావలసిందల్లా ఒక్కటే, మా ఆవిడ ఊ అనడం.

మా ఆవిడ నాగవేణికి ఎమ్మిగనూరు బజారులో జాకెట్లు కుట్టే షాపుంది. ఆమె కత్తెర పడితే గుడ్డకు తిరుగుండదు, మాట పడితే నాకు తిరుగుండదు. విమానం మాట ఎత్తగానే, "అది దుడ్లున్నోళ్ల ఆట. మనకు గది చాలు" అని కుట్టు మిషను తొక్కడం మొదలుపెట్టింది. వారం రోజులు బతిమాలాను. చివరికి అహోబిలం తీసుకుపోతే వస్తానంది, అదీ చూడ్డానికే గానీ ఒప్పుకోవడానికి కాదని ముందే చెప్పింది. అదే చాలనుకున్నాను.

శనివారం సెలవు పెట్టి తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరాం. ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు పల్లెవెలుగులో రెండు గంటలు. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం, ఇద్దరికీ కలిపి వంద లోపే అయింది. అక్కడినుంచి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ, దాదాపు మూడు గంటలు. దారి పొడవునా కోసిన జొన్నచేలు, ఎండిన వాగులు, దూరంగా నల్లమల. ఆళ్లగడ్డలో దిగువ అహోబిలానికి బస్సులు, షేరు ఆటోలు దొరుకుతాయి, ముక్కాలు గంట ప్రయాణం. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు కాబట్టి పదకొండున్నరకల్లా చేరేలా చూసుకోండి. నాగవేణి తీరిగ్గా దర్శనం చేసుకుని, పసుపు కుంకుమ పొట్లాలు రెండు కొంగున ముడేసుకుంది. ఆ పొట్లాల సంగతి తర్వాత చెబుతాను. సాయంత్రానికి చాగలమర్రి మీదుగా ప్రొద్దుటూరు చేరి, బస్టాండు దగ్గర తొమ్మిది వందలకు లాడ్జిలో గది తీసుకున్నాం.

ఆదివారం తెల్లవారుతుండగా బాషా తన కారులో వచ్చాడు. వెనక సీటు నిండా వెచ్చటి రొట్టెల వాసన. జమ్మలమడుగు రోడ్డులో అరగంట పోయి, నల్లరేగడి చేల మధ్య మట్టిదారి పట్టాం. ఎంత పెడితే ఇది నడుస్తుందని దారిలో అడిగాను. దాచకుండా చెప్పాడు. తాగేది బంకులో పోసే మామూలు పెట్రోలే, గంటకు పదిహేను లీటర్ల లోపు. ఇన్సూరెన్సు, మరమ్మతులు నలుగురూ పంచుకుంటారు. లైసెన్సుకు మాత్రం క్లబ్బులో నేర్చుకోవాలి, డాక్టరు పరీక్షలు పాసవ్వాలి, ఓపిగ్గా కాగితాల వెంట తిరగాలి. డబ్బు తీసుకుని ఎవర్నీ ఎక్కించుకోకూడదు, అందుకే కాబోయే భాగస్తుల్ని, వాళ్ల ఇంటివాళ్లను తప్ప ఎవర్నీ ఎక్కించరు. నలుగురికీ ఒక్కటే ఉంటే తగాదాలు రావా అని నాగవేణి వెనకనుంచి అడిగింది. బాషా నవ్వాడు.

"బావి వంతు తెలుసు గదక్కా, అదే లెక్క. వారానికొకరి వంతు, అదీ ఆదివారం పొద్దునే. గాలి లేసిందా, వంతు పోయినట్లే. మర్నాడు నాకియ్యి అని అడగకూడదు."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు, ఆ సంగతి బాషాకూ చెప్పాను. మా ఊళ్లో మా నాన్నకు బావిలో నాలుగో వంతు ఉండేది. మంగళవారం, శుక్రవారం మా చేనికి నీళ్లు. ఆ రోజు కరెంటు పోతే మా వంతు పోయినట్లే, నాన్న పార భుజాన వేసుకుని ఇంటికొచ్చేసేవాడు. పక్క చేనాయన మీద అరిచింది నేనెప్పుడూ చూడలేదు. ఈ దేశంలో ఎవరికీ తెలియని గొప్ప పద్ధతేదో వీళ్లు కనిపెట్టారేమో అనుకుంటూ వచ్చాను, చూస్తే మా ఇంటి పద్ధతే.

రేకుల షెడ్డు తలుపు తీయగానే ఆ పసుపుపచ్చ పక్షి కనబడింది. నిజం చెప్పొద్దూ, ఇంత చిన్నదా అనిపించింది. రెండు సీట్లు పక్కపక్కన, ఆటోకన్నా కాస్త పొడుగు, తోస్తే చేత్తో కదులుతుంది. ముగ్గురం కలిసి బయటికి తోశాం. బాషా, నేను పెట్రోలు క్యాను తెచ్చి గుడ్డ వేసి వడగట్టే పనిలో పడ్డాం. పది నిమిషాలకు తిరిగి చూద్దును కదా, విమానం పెళ్లికూతురులా ఉంది. నాగవేణి కొంగులోని పొట్లాలు విప్పేసింది: చక్రాలకు పసుపు, ముక్కుకు కుంకుమ బొట్టు, రెక్కల చివర్లకు బొట్లు. రెక్క కింద బయటికి పొడుచుకొచ్చిన వేలెడంత సన్నని గొట్టం ఉంటే, బొట్టుకోసమే పెట్టినట్టుందని దాని నోటికి కూడా తడి పసుపు నిండుగా అద్ది, పైన కుంకుమ పెట్టింది.

బాషాకు ఎగిరే ముందు విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ప్రతి మరా చేత్తో తడిమి చూసే అలవాటు. గొట్టం దగ్గరికొచ్చి ఆగిపోయాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని పగలబడి నవ్వాడు. ఎదురుగాలి ఆ గొట్టంలోకి దూరితేనే విమానం ఎంత వేగంతో పోతోందో లోపల ముల్లు చూపిస్తుందట. అది మూసుకుపోతే వేగం తెలియదు, తెలియకుండా ఎగరడమంటే కళ్లు మూసుకుని లారీ తోలడమే. పాఠంలో ఈ గొట్టం గురించి నేనూ చెబుతాను, ఎదురుగా ఉంటే పోల్చుకోలేకపోయాను.

"నువ్వేం మొదటిదానివి కాదులే అక్కా," అన్నాడు. "మొదటి ఆయుధపూజకు మా డాక్టరు భార్య ఇట్లనే చేసినాది. ఆ మరుసటేడు మా రైతు వాళ్ల పెద్దమ్మ. ఈ గొట్టాన్ని మనోళ్లు ఎవురూ వదల్లేదు."

నాగవేణి సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గొట్టం వెనక పైపు ఊడదీసి, సూదితో పసుపు తవ్వి, కడిగి, సైకిలు పంపుతో ఊది, మళ్లీ బిగించి సరిచూసేసరికి అరగంట దాటింది. అప్పటికి ఎండ చేలమీద పరుచుకుంది. గాలి ఎటు, ఎంత వీస్తోందో తెలియడానికి గడకు కట్టిన గుడ్డ గాలిసంచి చిన్నగా తల ఊపడం మొదలుపెట్టింది. బాషా దానివైపు చూసి, ఒక్క చుట్టుకే సమయం ఉందన్నాడు. నేను అప్పటికే చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని సీటు పక్కన నిలబడ్డాను.

"నువ్వు కాదప్పా సారూ. ఇంట్లో వద్దన్న మనిషే ముందు ఎక్కల్ల. అది మా కట్టుబాటు."

ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. పళ్ల డాక్టరు మొదట్లో భార్యకు చెప్పకుండా, వైద్య శిబిరాలని చెప్పి ఎగరడానికి వచ్చేవాడట. ఒకరోజు ఆవిడ నేరుగా వచ్చి రన్‌వే మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ రోజునుంచి భాగస్తులు కాబోయేవాళ్ల ఇంట్లో ఎవరు వద్దంటారో వాళ్లను ఎక్కించాకే మాట. దిగాక కూడా వద్దంటే వాటా లేదు. నాగవేణి ఎక్కనంటే నా సంగతి అక్కడితో సరి. ఆమె విమానాన్ని చూసింది, నన్ను చూసింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, ఆమెకు జాలేసినట్టుంది.

"దిగినాక నేను వద్దంటే, మళ్లీ ఈ మాట ఎత్తకూడదు. సరేనా?"

సరేనన్నాను. ఆమె కొంగు నడుముకు బిగించి, నా తలమీదనుంచి హెడ్‌సెట్ తీసుకుని ఎక్కేసింది. ఇంజను గర్జించింది, గరుసు లేచింది, రన్‌వే సగం కూడా దాటకముందే చక్రాలు నేలనొదిలాయి. పసుపు రాసిన ఆ చక్రాలు నా తలమీదుగా పోతుంటే పిచ్చివాడిలా రెండు చేతులూ ఊపాను. గండికోట వైపు తిరిగి చుక్కంతయింది. ఇన్నేళ్లు నేను కన్న కల మా ఆవిడ చూస్తోంది, నేను గాలిసంచిని చూస్తున్నాను. కుళ్లు కాదంటే అబద్ధమే. కానీ భయం ఇంకా ఎక్కువ. ఆమె లోపల కళ్లు మూసుకుని నరసింహస్వామిని తలుచుకుంటుంటే నా పని అయిపోయినట్లే.

పావుగంటకు దిగారు. నాగవేణి జుట్టంతా రేగిపోయి ఉంది, కళ్లలో నీళ్లూరి ఉన్నాయి. ఏడ్చిందా, గాలికా అర్థం కాలేదు. ఎలా ఉందని అడిగితే, పెన్న లోయ ఎర్ర జాకెట్టు గుడ్డకు కత్తెరేసినట్లు కనబడిందని మాత్రం చెప్పింది. గాలిసంచి అప్పటికి పూర్తిగా లేచి నిలబడింది. బాషా తల అడ్డంగా ఊపాడు. నా వంతు పోయింది. మర్నాడు ఇమ్మని అడగకూడదని తెలుసు కాబట్టి విమానాన్ని షెడ్డులోకి తోయడానికి భుజం పట్టాను. బాషా నన్నొకసారి ఎగాదిగా చూసి, నువ్వు బావిలో వాటా ఉన్నోళ్ల బిడ్డవే అన్నాడు. అంత పెద్ద సర్టిఫికెట్టు నాకు బీఈడీలో కూడా రాలేదు.

ప్రొద్దుటూరులో ఎర్రకారం దోసె తిన్నాం. నాగవేణి బాషాను వానాకాలం గురించి, ఆడవాళ్లకు లైసెన్సు ఇస్తారా లేదా అన్న దాని గురించి ఏవో అడిగింది గానీ, నాతో ఒక్క మాట లేదు. నేను అడగలేదు, మాటిచ్చాను కదా. సాయంత్రంలోపు జవాబు చెబుతానని బాషాతో అన్నాను, ఇద్దరం కర్నూలు బస్సెక్కాం. చాగలమర్రి దాటింది, ఆళ్లగడ్డ వచ్చింది. ఇక గదే కట్టుకుందాం అని మనసు సర్దుకుంటుండగా, కిటికీలోంచి నల్లమలను చూస్తూనే అడిగింది.

"ఈ నెలలో మన వంతు యా వారం వస్తాది?"

బస్సులో అందరూ చూస్తున్నా సరే, ఆమె చెయ్యి పట్టుకున్నాను. వదిలించుకోలేదు.

విమానం కొనాలంటే కోటీశ్వరులు కావాలా అని ఇప్పుడు నన్ను చాలామంది అడుగుతున్నారు. రోజుకూలితో బతికేవాడికి ఇది అందుతుందని చెబితే అబద్ధమవుతుంది. అంతో ఇంతో మిగిలేవాళ్లకే ఇది. కానీ కోట్లు అక్కర్లేదు. నీళ్లు పారుతున్న మోటారును తన వంతు కాగానే ఆపి పక్కవాడికి ఇచ్చే మనుషులు ముగ్గురు దొరకాలి, అది మాత్రం డబ్బుతో దొరకదు. మా నాన్నకు ఉన్నది బావిలో నాలుగో వంతే, అయినా బావి లేని రైతని ఆయన్ను ఎవరూ అనలేదు. నాకూ ఇప్పుడు విమానం ఉంది. వాటా తీసుకున్నాక వచ్చిన మొదటి వంతు కూడా గాలికే పోయింది, కాబట్టి మా ఇంట్లో విమానం ఎక్కింది ఇప్పటికీ నాగవేణి ఒక్కతే. షాపుకొచ్చే ప్రతి మనిషికీ ఆ మాటే చెబుతోంది.

మీరూ ఇలాంటి చోటికి పోతే ఒక్క మాట గుర్తుంచుకోండి. పొద్దు పొడవకముందే రన్‌వే దగ్గరుండండి, ఎండెక్కితే మన సీమలో గాలి ఎవరి మాటా వినదు. పసుపు కుంకుమలు చక్రాలకు మీ ఇష్టమొచ్చినంత పెట్టండి. రెక్క కింద గొట్టాన్ని మాత్రం వదిలేయండి, లేదంటే నాలాగే కింద నిలబడి చేతులూపాల్సి వస్తుంది.