చెరిసగం సిలబస్

చరిత్ర, అంతర్జాతీయ సంబంధాలు కలిపి ఎమ్మే చదువుతున్నానంటే చిత్తూరులో మా చుట్టాలందరికీ ఒకటే నవ్వు. "యాడిస్తారు మే ఉద్యోగం? అమెరికాకీ రష్యాకీ రాజీ చేసేకి పోతావా?" అనేది మా అత్త. ఒళ్లు మండిపోయేది. ఆవిడ కొడుకు ఇంజనీరింగ్ చదివి ఏం ఒరగబెట్టాడో నేనెప్పుడైనా అడిగానా? ఎవరేమన్నా సరే, తిరుపతిలో గడిపిన ఆ రెండేళ్ల హాయి నాకు మళ్లీ దొరకలేదు.

హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయిది శ్రీకాళహస్తి. సిలబస్ చూసి ఇద్దరం బెంబేలెత్తిపోయి చెరిసగం పంచుకున్నాం. చరిత్ర పుస్తకాలు నేను చదవాలి, అంతర్జాతీయ సంబంధాలవి తను. సాయంత్రం క్యాంపస్ రోడ్డు మీద కొండవైపు నడుస్తూ ఒకరికొకరం చెప్పుకోవాలి. నేను చెబితే పాఠంలాగే ఉండేది. తను చెబితే కథ.

"పెద్ద దేశాలు రెండూ మాటల్లేని అన్నదమ్ములు మే. వాళ్లు మాత్రం కొట్టుకోరు. ఊళ్లోవాళ్లనే నువ్వు ఎవురి తట్టు, నువ్వు ఎవురి తట్టు అని సంపుతారు. మన దేశం ఏమనింది? ఇద్దరిండ్లల్లో పెండ్లికీ వస్తా, ఎవురి జగడానికీ రాను అనింది. అంతే, అలీన విధానం."

ఇంటర్నల్ పరీక్షలో నేను ఆ పెండ్లిని అట్లాగే రాసేశాను. మా సారు దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి, "ఈ పెళ్లికి నన్నెవరూ పిలవలేదే!" అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. వెనక బెంచీలో తను నవ్వాపుకోలేక నోట్లో చున్నీ కుక్కుకుంది. ఆ నవ్వులు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

చివరి సెమిస్టర్ మొదలవగానే వాళ్ల నాయనకు పక్షవాతం వచ్చింది. తను హాజరు మినహాయింపుకు అర్జీ పెట్టుకుని శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి చేరింది. బట్టలు సర్దుకుంటూ, "సదువు ఇడిసిపెట్టను మే. పరీక్షలు రాస్తా. నువ్వు సెప్పు, నేను ఇంటా" అంది. అప్పట్నుంచి రెండు సగాలూ నావే అయ్యాయి. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి ఫోన్ చేసేది. నేను హాస్టల్ మెట్ల మీద కూర్చుని పుస్తకం చూస్తూ చెప్పేదాన్ని. నిద్రపోయిందేమోనని నేను ఆగితే చాలు, "ఊఁ, ఆపొద్దు మే, మేలుకునే ఉండా" అనేది.

పరీక్షలకు షిఫ్టులు మార్చుకుని కంపెనీ యూనిఫాంలోనే వచ్చి రాసింది. అన్నీ అయిపోయి ఒక్కటే మిగిలింది, అంతర్జాతీయ సంబంధాలు. తన సొంత పేపరు. అది రాస్తే ఎమ్మే చేతికొచ్చినట్టే. ఆ రోజు నా ముందు తను కూర్చునే బెంచీ ఖాళీగా ఉంది. వరండాలో ఏ చెప్పుల చప్పుడైనా తలుపు వైపే చూశాను. అరగంట దాటితే ఇక లోపలికి రానివ్వరు. దాటిపోయింది. పేపరు చూస్తుంటే ఎంత ఏడుపొచ్చిందో! తర్వాత తెలిసింది, తనతో షిఫ్టు మార్చుకుంటానన్న అమ్మాయి రాలేదట, సూపర్‌వైజరు వదల్లేదట.

మర్నాడు పొద్దున బస్సులోంచి ఫోన్ వచ్చింది.

"ఏమేం అడిగినారు?"

"ఇడిసిపెట్టు మే. సప్లిమెంటరీలో రాస్తువులే."

"అడిగిండేది సెప్పు మే."

ప్రశ్నపత్రం తెచ్చుకుని మొదటి ప్రశ్న చదివాను. తను జవాబు మొదలుపెట్టింది. ఒక పక్క హారన్లు, ఎవరిదో సెల్లులో పాట, పక్క సీట్లో ఆడవాళ్ల కబుర్లు. వాటి మధ్య తన గొంతు, ఏ తొందరా లేకుండా, హాల్లో కూర్చుని రాస్తున్నట్టే. ఒకటి అయ్యాక ఇంకోటి అడిగింది. అన్నిటికీ చెప్పింది. నేను రాయనివి, నాకసలు తట్టనివి ఎన్నో చెప్పింది.

"ఎన్ని మార్కులేస్తావు మే?"

ప్రశ్నపత్రం మీదే ఒక్కో ప్రశ్న పక్కన మార్కులేసి కూడుతున్నాను.

"తొందరగా సెప్పు మే, గేటొచ్చేసింది. దిగాల."